కాటా మౌలాలీకి సగం ధరకు వచ్చిన స్పీకరు

మౌలాలీ గురించి రాయాలని కూర్చుంటే నాకు ముందు చిరాకు వస్తుంది, తర్వాత మాటలు వస్తాయి. యాభై ఏళ్లు దాటిన స్నేహం మాది. ఇన్నేళ్లలో నేను చెప్పిన మాట అతను వెంటనే విన్న జ్ఞాపకం ఒక్కటి లేదు. మా ఊళ్లో నా మాట వినని వాళ్లు తక్కువ. ఏడో తరగతిలో గురజాల తాలూకా మొత్తానికి రెండోవాణ్ణి నేను. పై చదువు లేకపోయినా పాల సంఘానికి పదకొండేళ్లు ప్రెసిడెంటుగా చేశాను. దాచేపల్లి బస్సు ఈరోజు మా ఊరి మలుపు దగ్గర ఆగుతున్నదంటే అది నేను డిపో చుట్టూ తిరిగిన తిరుగుడే. నలభైకి పైగా తగాదాలు కోర్టుకెక్కకుండా మా పంచలోనే తెగాయి. అట్లాంటి నన్ను పట్టుకుని, "ప్రెసిడెంటూ, నీకు చెప్పడం వచ్చు గానీ వినడం రాదు" అని మొహానే అనగలిగిన మనిషి మౌలాలీ ఒక్కడు.

దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో అతను ముప్పై ఒక్క ఏళ్లు కాటా మీద పనిచేశాడు. కాటా అంటే లారీని లోడుతో సహా తూచేది. లారీ ఇనప పలక మీదికెక్కి ఆగుతుంది, పక్క గదిలో కూర్చున్న మౌలాలీ అంకె చూసి చీటీ రాస్తాడు. డ్రైవరు సీట్లోనే ఉంటే దిగమనేవాడు. క్లీనరు నిద్రపోతుంటే లేపి మరీ దించేవాడు. "నువ్వు సున్నపురాయివి కాదు గదా నాయనా, దిగు" అనేవాడు. మా ఊరి రోడ్డుకు కంకర తోలించినప్పుడు ఒక లోడు అతని కాటా మీద నూట ఎనభై కిలోలు తక్కువ తూగింది. కాస్త సర్దమని చెప్పడానికి నేనే స్వయంగా వెళ్లాను. అప్పుడు పదవిలో ఉన్నాను, భుజాన కండువా కూడా ఉంది. "కుర్చీ ఏస్తా, టీ పోయిస్తా. ఆ నూట ఎనభై మాత్రం రాయను" అన్నాడు. చేసేదేముంది, టీ తాగి వచ్చాను.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. లారీ డ్రైవర్లు తూకం కోసం వరసలో ఉన్నప్పుడు అతని గదిలో కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునేవాళ్లు. ఎవడు ఎక్కడ అప్పుపడ్డాడో, ఎవడు మాచర్లలో రెండో కాపురం పెట్టాడో అన్నీ మౌలాలీకి తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క మాట గది దాటలేదు. నేను అడిగినా చెప్పలేదు. నాకే చెప్పలేదంటే ఇక చూసుకోండి.

రిటైరయ్యే నాటికే కళ్లలో నీటికాసుల జబ్బు, డాక్టర్లు గ్లకోమా అనేది, ముదిరింది. ఎడమ కన్ను ముందే పోయింది. కుడి కంటికి నీడలు తెలుస్తున్నాయని చెప్పేవాడు, మేం నమ్మాం. భార్య సబీహా అంగన్వాడీలో ఆయా. పొద్దున తొమ్మిదింటికి వెళితే సాయంత్రం నాలుగింటికి గానీ రాదు. కొడుకు అయాజ్ విజయవాడలో మెకానిక్కు. అందుకని పగలంతా మౌలాలీ ఒక్కడే. రోజూ పదింటికి ఇంటి నుంచి మలుపు దగ్గర టీ బంకు దాకా నడిచి వస్తాడు, నాతో కూర్చుంటాడు, పదకొండున్నరకు వెళ్లిపోతాడు. ఆ రోడ్డు మీద క్వారీ లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని వస్తుంటాయి. కర్ర పట్టుకోరా అంటే పట్టుకోడు. "కర్ర పడితే గుడ్డోడంటారు" అంటాడు. నేను తెచ్చి ఇచ్చిన వెదురు కర్రతో సబీహా దానిమ్మ చెట్టుకు పోటు పెట్టింది.

ఇక స్పీకరు సంగతి. నా కొడుకు కూతురు భార్గవి హైదరాబాదులో, ఈ మాట్లాడే స్పీకర్లు తయారుచేసే ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తుంది. మా వంశంలో ఇంజనీరింగు చదివిన మొదటి ఆడపిల్ల. ఆ ఫీజు కోసం ఎకరం అమ్మింది నేనే. వైశాఖంలో నరసరావుపేటలో పెళ్లికి వచ్చినప్పుడు మా ఇంటికి ఒక స్పీకరు తెచ్చింది. చూడ్డానికి గుండ్రంగా, చిన్న లడ్డూ డబ్బాలా ఉంది. పేరు పెట్టి పిలిచి అడిగితే తెలుగులో బదులు చెబుతుంది. మొదట నాకు నచ్చలేదు. అడిగినదానికి బదులు చెప్పడానికి ఊళ్లో నేను ఉండగా ఇదెందుకు? కానీ వారం వాడాక ఒప్పుకోక తప్పలేదు. గుంటూరు యార్డులో మిర్చి ధర చెబుతుంది, అది నిన్నటిదే అయినా. వాన వస్తుందా అంటే చెబుతుంది. బీపీ మాత్ర వేళకు గుర్తు చేస్తుంది, నా భార్య పిచ్చమ్మ లాగా అరవకుండా. చదువు రానివాళ్లకు, చూపు ఆననివాళ్లకు చానా పనికొచ్చే వస్తువు. చూపు అనుకోగానే మౌలాలీ గుర్తొచ్చాడు.

"ఇంకొకటి తెప్పించమ్మా" అన్నాను భార్గవితో.

"మా ఉద్యోగులకు సగం ధరకే ఇస్తారు తాతయ్యా. కానీ సొంతవాళ్లకే. ఎవరికిస్తున్నామో, ఏమవుతారో ఫారంలో రాయాలి."

"మౌలాలీని నువ్వు ఏమని పిలుస్తావు?"

"తాతయ్య అని."

"ఎప్పట్నించి?"

"ఊహ తెలిసినప్పట్నించి."

"మరింకేం, రాయి. తాతయ్య."

"వాళ్ల లెక్కలో తాతయ్యంటే అమ్మా నాన్నల..."

"వాళ్ల లెక్క నాకెందుకే? నీకు కోరింత దగ్గొస్తే నిన్ను సైకిలెక్కించుకుని దాచేపల్లి ఆసుపత్రికి తొక్కుకుంటా పోయింది మీ కంపెనీవోళ్లా, మౌలాలీనా?"

రాసింది. సగం ధరకు తీసుకున్న స్పీకరు ఏడాదిపాటు ఉద్యోగి ఖాతాలోనే ఉండాలని ఒక షరతు ఉంది. అంటే పేరు, ఖాతా అన్నీ భార్గవివే, ఆమె ఫోనులోనే ఉంటాయి. "ఉంటే ఉండనీ" అన్నాను. చదవకుండా దేని మీదా వేలిముద్ర వేయొద్దని పాల సంఘం మీటింగుల్లో పదకొండేళ్లు గొంతు చించుకున్నవాణ్ణి నేనే. తీరా నా ఇంటి దగ్గరికొచ్చేసరికి ఆ షరతు దగ్గర నిమిషం ఆగలేదు.

మౌలాలీ స్పీకరును అరచేతిలో పెట్టుకుని, "అరకిలో లేదు. ఇంత తేలికదానికి సగం ధరైనా ఎక్కువే" అన్నాడు. కానీ పెట్టుకున్నాడు. సబీహాకు మాత్రం మొదటినుంచీ గిట్టలేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి కూర్చుంటే దాని మీద సత్తు తపేలా బోర్లించేది.

"పేరు పెట్టి పిలిస్తేనే వింటదమ్మా, ఊరికే వినదు" అని నేను సర్ది చెప్పబోయాను.

"పిలిచేదాకా వినకపోతే, పిలిచినట్టు దానికెట్టా తెలిసిద్ది అన్నా?" అంది.

 అదే భార్గవిని అడిగితే పావుగంట చెప్పింది. అంతా విన్నాక కూడా సబీహా అడిగినదే సబబుగా తోచింది.

శ్రావణంలో ఒకరోజు పొద్దున్నే భార్గవి ఫోను చేసింది. 

"తాతయ్యా, నా ఫోనులో స్పీకర్ల లిస్టు సర్దుతుంటే మౌలాలీ తాతయ్య అడిగినవన్నీ కనిపించాయి. నేను కావాలని చూడలేదు. రోజూ సాయంత్రం ఒకటే అడుగుతున్నారు. 'లైటు వేసుందా?' అని. అదేమో 'నాకు తెలియదు' అంటుంది. మళ్లీ మర్నాడు అదే. పొద్దునేమో 'తెల్లారిందా?' అని. ఆయనకి నీడలు కూడా తెలియట్లేదేమో తాతయ్యా."

 నీడలు తెలుస్తున్నాయన్న మనిషి రోజూ నా పక్కన కూర్చుని, "ఇయ్యాల గడ్డం గీసుకున్నావే ప్రెసిడెంటూ" అంటుంటే చూసే అంటున్నాడనుకున్నాను. సబ్బు వాసనకు చెబుతున్నాడని నాకు తట్టలేదు. ఊరందరి మనసులో మాట పసిగట్టేవాణ్ణని పేరున్న నేను, పక్కనున్న మనిషికి చూపు పోయిందని నెలల తరబడి కనిపెట్టలేకపోయాను.

"ఎవరికీ చెప్పొద్దు తాతయ్యా. ముందు ఆయనతోనే మాట్లాడు" అంది భార్గవి. సరేనన్నాను.

సరేనన్నమాట నిజమే. కానీ ఆ రోడ్డు, ఆ లారీలు కళ్లముందు కదులుతుంటే నాకు కాలు నిలవలేదు. మౌలాలీతో మాట్లాడితే ఏమవుతుందో తెలుసు. నవ్వేస్తాడు, మాట మారుస్తాడు, మర్నాడు మళ్లీ అదే రోడ్డు మీద నడుస్తాడు. అందుకని తిన్నగా అంగన్వాడీకి వెళ్లాను. సబీహా పిల్లలకు గుడ్లు వలిచి పెడుతోంది. పక్కకు పిలిచి చెప్పాను. పిచ్చమ్మ దీన్ని ఇప్పటికీ తప్పంటుంది, "నీ కడుపులో ఆవగింజైనా నానదు" అంటుంది. నేను తప్పనను, తొందరపాటంటాను.

సబీహా ఏడవలేదు. చేతిలో గుడ్డు పెంకు అట్లాగే పట్టుకుని, "ఎవరు చెప్పారు?" అంది.

"ఆ స్పీకరే" అన్నాను.

"చూశావా" అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పదింటికి బంకు దగ్గర కూర్చున్నాను. మౌలాలీ రాలేదు. పదిన్నరైంది. మనసు కీడు శంకించి వాళ్లింటికి వెళ్లాను. తలుపుకు బయట తాళం వేసి ఉంది. కిటికీ ఊచల వెనక మౌలాలీ నిలబడి ఉన్నాడు.

"ప్రెసిడెంటూ, నువ్వేగా?"

"నేనేరా."

"తాళం చూశావా?"

"చూశా."

"ఎవరేశారు?"

"సబీహా ఏసి ఉంటది."

"కాదు. నువ్వేశావు. తాళంచెవి ఆమె కాడ ఉంది, అంతే."

నాకు ఒళ్లు మండింది. "ఒరేయ్, నీ మంచికి చెప్పా. ఆ రోడ్డు మీద ఏదన్నా లారీ..."

"ముప్పై ఒక్క ఏళ్లు లారీలన్నీ నా ముందుకే వచ్చినయ్యి. ఒక్కటన్నా గుద్దిందా?"

"అప్పుడు నువ్వు గదిలో ఉండావురా!"

"ఇప్పుడూ గదిలోనే పెట్టారుగా."

 నా కడుపులో ఉన్నదే అడిగేశాను. "యాభై ఏళ్ల స్నేహం. ఆ డబ్బాకి చెప్పుకున్నావు, నాకు చెప్పలా. నేను అంత కానివాణ్ణయ్యానా?"

"దానికి చెప్పలా, సబీహా వంటింట్లో ఉన్నప్పుడు మెల్లగా అడిగా. నిన్ను అడిగితే సాయంత్రానికి మండలం మొత్తానికి తెలిసిద్ది. అది నీకన్నా నయమనుకున్నా." ఊచల్లోంచి చెయ్యి బయటికి వచ్చింది, చేతిలో స్పీకరు, దాని వైరు చక్కగా చుట్టి ఉంది. "తీసుకుపో. సగం ధరకి ఇచ్చినోడు మిగతా సగం ఎక్కడో ఒకచోట తూచుకుంటాడు. చీటీ రాసుకునేవోణ్ణి, ఆ మాత్రం నాకు ముందే తెలియొద్దూ?"

అతను అడిగినవి భార్గవి ఫోనులో కనపడిన సంగతి చెప్పి, అక్కడే నిలబడి ఆమెకు ఫోను చేశాను. నేను సబీహాకు చెప్పిన సంగతి విని ఆ పిల్ల నన్ను పట్టుకుని కడిగేసింది. "చెప్పొద్దన్నాను కదా తాతయ్యా! నేను చూడ్డమే తప్పని నేను ఏడుస్తుంటే, నువ్వు వెళ్లి చాటింపు వేస్తావా?" డెబ్భై నాలుగేళ్ల వయసులో, కిటికీ కింద ఎండలో నిలబడి మనవరాలి చేత చీవాట్లు తిన్నాను. లోపల మౌలాలీ నవ్వడం వినిపించింది. ఫోను ఊచల దగ్గర పెట్టమన్నాడు.

"తల్లీ, నా మాటలు నీ ఫోనులోకి ఎందుకొచ్చినయ్యి?"

"ఖాతా నాది కాబట్టి తాతయ్యా. అడిగినవన్నీ కంపెనీ కంప్యూటర్లో ఉంటాయి, ఖాతాదారుకి కనిపిస్తాయి. ఇప్పుడే అన్నీ చెరిపేశాను. సారీ తాతయ్యా. ఆఫీసులో ఆ షరతు సంగతి మాట్లాడి ఖాతా నీ పేరుకే మారుస్తాను."

"దానికి నీలాంటి ఫోను కావాలిగా. నాది బటన్లది."

"అయాజ్ బాబాయి ఫోనులో పెడతాను."

"అంటే నా మాట నీ జేబులోంచి తీసి వాడి జేబులో ఏస్తావు. నా జేబులోకి ఎప్పుడొచ్చిద్ది?"

 అంత చదువుకున్న పిల్ల, ఆ కంపెనీలోనే పనిచేసే పిల్ల, ఒక్క మాట చెప్పలేకపోయింది. కళ్లు కనిపించని మనిషికి పనికొస్తుందని తెచ్చిన వస్తువు, కళ్లున్న ఇంకొకరి ఫోను లేనిదే నడవదు. ఆ సంగతి పెట్టె మీద ఎక్కడా రాయలేదు. మన మండలంలోనే కొడుకుల ఖాతాల్లో, కోడళ్ల ఖాతాల్లో ఇట్లాంటివి పెట్టించుకున్న వాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు నా మాట ఒకటే: ధర తర్వాత అడగండి, ఎవరి ఖాతాయో ముందు అడగండి.

నాలుగింటికి సబీహా వచ్చి తాళం తీసింది. నేను కదల్లేదు, గడపలోనే కూర్చున్నాను. మౌలాలీ ఆమెతో ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు.

"రేపూ ఏస్తావా?"

"ఏస్తా."

"ఎల్లుండి?"

"నువ్వు బతికున్నన్నాళ్లు ఏస్తా. రోడ్డు మీద నీ చెప్పులు ఏరుకోవడం నా వల్ల కాదు" అంది సబీహా. 

"అయితే ఒక్కసారి చూడు. బంకు దాకా నడుస్తా. మీరిద్దరూ ఎనకాల రండి. చెయ్యి పట్టుకోవద్దు, మాట్లాడొద్దు. నడవలేకపోతే నేనే చెబుతా, తాళం ఏసుకో."

సబీహా నా వంక చూసింది. మౌలాలీ చెబుతానంటే చెబుతాడు, ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. సరే అంది.

బయల్దేరాడు. నేను ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని వెనక నడిచాను. నిజం చెప్పాలి, ఆశ్చర్యపోయాను. రోడ్డు పక్క మట్టి మీద ఎడమ కాలు, తారు అంచు మీద కుడి కాలు, ఆ అంచు పట్టుకుని తీగ మీద నడిచినట్టు నడుస్తున్నాడు. వెనక లారీ వినపడగానే రెండు కాళ్లూ మట్టి మీదికి దింపుతాడు. "లోడు" అంటాడు, అది పోయాక తార్పాలిన్ కట్టిన లోడు లారీయే కనిపించేది. "ఖాళీ" అంటే ఖాళీయే. కల్వర్టు దగ్గర ఆగి, పిట్టగోడ చేత్తో తాకి, లోపలి వైపు నుంచి దాటాడు. సబీహా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నడుస్తోంది. బంకు ఇక వంద అడుగులుంది. నేను గెలిచినట్టే సంబరపడ్డాను, ఎవరి పక్షాన గెలిచానో కూడా తెలియకుండా.

అక్కడ ఎవరో ఇల్లు కట్టుకునేవాళ్లు ఆ మధ్యాహ్నమే రోడ్డు మార్జిన్లో కంకర కుప్ప పోయించారు. పొద్దున లేదది. మౌలాలీ దాని మీదికే నడిచాడు. కాలు జారింది, మోకాలి మీద కూలబడ్డాడు, చెయ్యి తారు మీదికి పోయింది. అప్పుడు లారీ లేకపోవడం దేవుడి దయ. సబీహా కెవ్వుమని పరిగెత్తింది. నేనూ పరిగెత్తాను, ఈ మోకాళ్లతో.

మేం పట్టుకోబోతే వద్దన్నాడు. తనే లేచాడు. కుప్ప అంచులు చేతులతో తడిమాడు, ఎత్తెంతో, వెడల్పెంతో చూసుకున్నాడు. లుంగీ దులుపుకున్నాడు. మోకాలి దగ్గర నెత్తురు. నేను మాత్రం, "ఇదెవరైనా పడేదేరా, కళ్లున్నోళ్లం మేమైనా పడతాం" అన్నాను, అతని పరువు కాపాడదామని.

"ఊరుకో ప్రెసిడెంటూ. మీరు పడరు" అన్నాడు. తర్వాత సబీహా ఉన్న వైపు తిరిగి, "ఇది నాకు తెలియలా. రోజూ ఉండేయన్నీ తెలిసినయ్యి, కొత్తది తెలియలా. నిజం అదే" అన్నాడు.

ఆ ఒక్క మాటా అనకపోతే వాదించవచ్చు. "కాస్త జారాను, ఏమైంది" అనవచ్చు. నేనైతే అట్లాగే అనేవాణ్ణి. అతను అనలేదు. మౌలాలీతో వచ్చిన చిక్కే ఇది. ఎదుటివాడి విషయంలో ఎంత ఖచ్చితమో, తన విషయంలోనూ అంతే.

 సబీహా కొంగుతో అతని మోకాలు తుడిచింది. చివరికి, "తాళం ఎయ్యను. కర్ర పట్టాలి. ఎనకాల ఒక మనిషి ఉండాలి" అంది.

"మనిషి ఎవరు? నీకు డ్యూటీ."

సబీహా నా వంక చూసింది. "బ్రహ్మయ్య అన్నే. చాటింది ఆయనేగా."

పదకొండేళ్లు ప్రెసిడెంటుగా చేసి, ఊరేగింపుల్లో ముందు నడిచినవాణ్ణి, నా పేరు నన్ను అడక్కుండానే ఖరారు చేశారు. మౌలాలీకి అది కూడా సమ్మతం కాలేదు, "ఈయన ఎనకాల నడుస్తాడా, ఊరంతా పలకరించుకుంటా వస్తాడు" అన్నాడు. షరతు పెట్టాడు: పది అడుగుల దూరం, మాట్లాడకూడదు, చెయ్యి పట్టుకోకూడదు, అపాయమైతే తప్ప పిలవకూడదు.

స్పీకరు మళ్లీ వాళ్లింట్లోనే ఉంది. భార్గవి ఆఫీసులో ఎవరెవరినో అడిగి ఖాతా సబీహా దగ్గరున్న టచ్ ఫోనుకు మార్పించింది. మౌలాలీయే అట్లా అడిగాడు. "ఆమెకి తెలియకూడదనుకున్నది ఒక్కటే, అది తెలిసిపోయింది. ఇక దాచేదేముంది" అన్నాడు. మాత్ర వేళ, వాన సంగతి దాన్నే అడుగుతాడు. లైటు సంగతి సబీహాను అడుగుతాడు, ఆమె వంటింట్లోంచే అరిచి చెబుతుంది. తపేలా మాత్రం ఇప్పటికీ బోర్లిస్తూనే ఉంది.

నా సంగతే బాగోలేదు. రోజూ పదింటికి కర్ర టక్కు టక్కుమంటూ ముందు అతను, పది అడుగుల వెనక నేను. నా మోకాళ్ల నొప్పులతో సమంగా నడవలేను. వెనకబడితే ఆగి నిలబడతాడు, దగ్గరికొస్తే కర్ర వెనక్కి ఊపుతాడు. ఎవరైనా నన్ను పలకరిస్తే తల ఊపి ఊరుకోవాలి. ఊళ్లో నాకు పొగరెక్కిందని కొత్త మాట పుట్టింది. నిన్న దగ్గు ఆపుకోలేక దగ్గాను. వెంటనే ఆగి, "లోడు ఎక్కువైందా ప్రెసిడెంటూ, డ్రైవరు దిగాలా?" అన్నాడు. మాట్లాడకూడదన్న షరతు నాకే గానీ అతనికి లేదట.